హబ్ లాక్: చేత్తో తిప్పేదా, తనంతట తాను పడేదా?

సభకు నమస్కారం. అరకు, చింతపల్లి, పాడేరు వైపు నుంచి జీపులు నడుపుకుంటూ వచ్చిన డ్రైవరు సోదరులకు, ఆటోమొబైల్ చదువుతున్న విద్యార్థులకు, ఏ బండి కొనాలో తేల్చుకుందామని వచ్చిన యజమానులకు ముందుగా ఒక వస్తువు చూపిస్తాను.

నా చేతిలో ఉన్న ఈ చిన్న ఇనుప గిన్నెలాంటిదాన్ని మీరు రోజూ చూస్తూనే ఉంటారు. ఇది ముందు చక్రం నడిబొడ్డున బోల్టులతో బిగించి ఉంటుంది. దీని మీద వేళ్ళతో తిప్పే బిళ్ళ ఒకటి, ఆ బిళ్ళ అంచున ‘ఫ్రీ’, ‘లాక్’ అని రెండు మాటలు ఉంటాయి. మేము దీన్ని ఫ్రీ వీల్ హబ్బు అంటాం, కొందరు హబ్ లాక్ అంటారు. ఇలా చేత్తో తిప్పే హబ్బు మంచిదా, ఏమీ తిప్పనక్కరలేకుండా తనంతట తాను లాక్ పడే ఆటోమేటిక్ హబ్బు మంచిదా అన్నదే ఈ పూట మన విషయం. నా అభిప్రాయం దాచుకోను. గెడ్డలు, అంటే కొండ వాగులు, దాటుతూ, వానకు జారే ఎర్రమట్టి ఎగుడు దిగుళ్ళలో బతుకు వెళ్ళదీసే బండికి చేత్తో తిప్పే హబ్బే మేలని నేను నమ్ముతాను. ఎందుకు నమ్ముతానో, ఆ నమ్మకం ఎక్కడ వర్తించదో రెండూ చెప్పాలని వచ్చాను.

మొదట ఒక తికమక తీర్చాలి. షోరూములో ‘లాక్ ఉంది’ అన్న మాట విని మోసపోయిన వారిని చాలామందిని చూశాను. డిఫరెన్షియల్ లాక్ వేరు, హబ్ లాక్ వేరు. డిఫరెన్షియల్ అంటే యాక్సిల్ (ఇరుసు) నడుమ ఉండి, మలుపులో రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే పళ్ళ పెట్టె. ఒకే యాక్సిల్ మీది రెండు చక్రాలూ కలిసే తిరిగేలా కట్టడం డిఫరెన్షియల్ లాక్ పని. చక్రాన్ని దాన్ని తిప్పే ఇరుసు కడ్డీతో, అంటే సొంత యాక్సిల్ షాఫ్ట్‌తో కలపడం, విడదీయడం హబ్ లాక్ పని. ఒకటి ఉంటే రెండోది అక్కరలేదన్నది సరికాదు, ఒకటి ఉంది కాబట్టి రెండోది ఉండి తీరుతుందన్నదీ సరికాదు.

ఇక హబ్ లాక్ అవసరం ఎందుకు పడింది? మన పాత జీపుల వంటి పార్ట్‌టైమ్ ఫోర్ వీల్ బండిలో ఇంజిన్ బలం మామూలు వేళల్లో వెనక చక్రాలకే వెళుతుంది, ఆ స్థితిని టూ హై అంటాం. చిన్న గేరు రాడ్‌ను ఫోర్ హైలోకో (నాలుగు చక్రాలు, మామూలు వేగం) ఫోర్ లోలోకో (నాలుగు చక్రాలు, నెమ్మది వేగం, ఎక్కువ బలం) వేసినప్పుడు, బలాన్ని ముందుకూ వెనకకూ పంచే పెట్టె, అంటే ట్రాన్స్‌ఫర్ కేసు, ముందు యాక్సిల్ దాకా బలం మోసే ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను కూడా వెనక షాఫ్ట్‌తో కలిపి ఒకే వేగంతో తిప్పుతుంది. చిక్కంతా మిగతా వేళలది. ఫోర్ వీల్ వేయకుండా తారు రోడ్డు మీద పోతున్నప్పుడు, చక్రం యాక్సిల్‌కు శాశ్వతంగా బిగించి ఉంటే, ఆ దొర్లే చక్రమే యాక్సిల్ షాఫ్ట్‌ను, దానితోపాటు ముందు డిఫరెన్షియల్‌ను, ఆ వెంట ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను తిప్పుకుంటూ పోతుంది. పని లేకుండా తిరిగే ఇనుము అది. క్రాసులు, అంటే షాఫ్టుల కీళ్ళు, అరుగుతాయి, ఆయిల్ సీళ్ళు అరుగుతాయి, వేగం పెరిగేకొద్దీ ముందు నుంచి ఒక రొద వస్తుంది, స్టీరింగు బరువుగా తోస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధంలో తిరిగిన విల్లీస్ జీపుకు హబ్ లాక్ లేదు. చక్రాన్ని యాక్సిల్‌కు కలిపే గట్టి ఫ్లాంజ్ ఒకటి బిగించి పంపేవారు, సైన్యానికి అంతే చాలు. యుద్ధం ముగిశాక మిగిలిపోయిన జీపులను అమెరికాలో మామూలు జనం కొని తారు రోడ్ల మీద నడపసాగినప్పుడు ఈ వృథా తిరుగుడు బాధ తెలిసింది. 1948లో సియాటిల్ ప్రాంతంలో ఆర్థర్ వార్న్ అనే ఆయన ఆ జీపుల కోసమే లాకింగ్ హబ్బులు తయారు చేయడం మొదలుపెట్టారు. ఇవాళ వించీల, అంటే దిగబడిన బండిని తాడుతో లాగే యంత్రాల, పేరుతో మనకు తెలిసిన వార్న్ కంపెనీ పుట్టింది ఈ చిన్న గిన్నెతోనే. మన దేశంలో మహీంద్రా వారు కూర్చిన తొలి జీపులు ఆ విల్లీస్ సంతతివే. 1985లో వచ్చిన మారుతి జిప్సీని అటవీ శాఖలోనో పోలీసు శాఖలోనో నడిపిన పాత డ్రైవర్లను అడగండి, వాన పడితే ముందు దిగి చక్రాల దగ్గర వంగడం వారికి అలవాటుగా ఉండేదని చెబుతారు.

చేత్తో తిప్పే హబ్బు లోపల ఏముందో చూడండి. ఈ బయటి గిన్నె చక్రపు హబ్బుకు బోల్టులతో బిగుస్తుంది కాబట్టి చక్రంతోపాటే తిరుగుతుంది. లోపలి ఉంగరం యాక్సిల్ షాఫ్ట్ చివరనున్న పళ్ళకు తొడుక్కుని, సర్క్లిప్ పట్టుతో నిలుస్తుంది కాబట్టి షాఫ్ట్‌తోపాటే తిరుగుతుంది. ఈ రెండింటి నడుమ ముందుకూ వెనకకూ జరిగే మూడో ఉంగరం ఉంది. బిళ్ళను లాక్ వైపు తిప్పగానే స్ప్రింగు ఈ ఉంగరాన్ని నెడుతుంది, రెండు వైపుల పళ్ళూ కలుస్తాయి, చక్రమూ షాఫ్టూ ఒకటైపోతాయి. పళ్ళకు పళ్ళు ఎదురుపడి అడ్డం తగిలితే స్ప్రింగు కాచుకుని ఉంటుంది. బండి ఒక అడుగు కదలగానే ‘టక్’మని పడుతుంది. అంతకు మించి దీనిలో ఏ రహస్యమూ లేదు. బిళ్ళ లాక్ మీద ఉండి, బండి ఒక అడుగు కదిలిందంటే లాక్ పడినట్టే లెక్క. ఇంత సూటిగా చెప్పగలిగిన యంత్రభాగాలు బండిలో ఎక్కువ లేవు.

ఆటోమేటిక్ హబ్బు లోపల సంగతి ఇంత సూటిగా ఉండదు. పాత రకం ఆటోమేటిక్ హబ్బులో, మీరు ఫోర్ వీల్ వేయగానే యాక్సిల్ షాఫ్ట్ తిరగడం మొదలవుతుంది. చక్రాన్ని మోస్తూ తాను తిరగకుండా ఉండే స్పిండిల్‌ను ఆనుకుని రాపిడితో పట్టి ఉండే ఒక భాగం, లోపల వాలు అంచుతో ఉండే ముక్క అయిన క్యామ్‌ను షాఫ్ట్‌తోపాటు వెంటనే తిరగనివ్వకుండా కొంచెం వెనకకు లాగి ఉంచుతుంది. ఆ కొంచెం తేడాతోనే ఉంగరం క్యామ్ వాలు మీదికి ఎక్కి పళ్ళలో పడుతుంది. విడిపోవాలంటే బండి ఆపి, రాడ్‌ను టూ హైలోకి వేసి, కొన్ని అడుగులు వెనక్కి నడపాలి. అప్పుడే ఆ ఉంగరం వాలు దిగుతుంది. ఇది తెలియని వారు ఘాట్ దిగాక టూ హై వేసుకుని నేరుగా విశాఖ దాకా వెళ్ళిపోతారు, దారి పొడుగునా ముందు నుంచి రొద వస్తోందని మెకానిక్కు దగ్గర బేరింగులు మార్పిస్తారు. బేరింగులు బాగానే ఉన్నాయి, హబ్బు విడిపోలేదంతే.

ఇంకొక రకం వాక్యూమ్ హబ్బు. సుజుకి జిమ్నీలో ఉన్నది ఈ కోవదే. ఇంజిన్ నుంచి వచ్చే గాలి లాగుడు సన్నని గొట్టాల గుండా చక్రం దాకా వెళ్ళి, అక్కడి రబ్బరు పొర అయిన డయాఫ్రమ్‌ను కదిలించి ఉంగరాన్ని పళ్ళలోకి నెడుతుంది. పద్ధతి అందమైనదే, డ్రైవరు కూర్చున్న చోటు నుంచి కదలనక్కరలేదు. కానీ ఆ లాగుడును నిలబెట్టేవి రబ్బరు గొట్టాలు, చక్రం దగ్గరి సీళ్ళు. రాయి కొట్టినా, తుప్పలో కొమ్మ పట్టుకుని లాగినా గొట్టం ఊడుతుంది. సీలు ముదిరితే గాలి కారుతుంది. ఉంగరం సగమే జరిగి పళ్ళ అంచులు ఒకదాన్నొకటి గీసుకుంటే వచ్చే ‘గరగర’ చప్పుడు ఒకసారి విన్నవారు మరచిపోరు.

ఇప్పుడు ఈ ప్రసంగంలో నేను అన్నిటికంటే ముఖ్యమనుకునే విషయానికి వస్తున్నాను. ఒక హబ్బు లాక్ పడి, రెండోది పడకపోతే ఏమవుతుంది? చాలామంది సగం బలం ముందుకు వస్తుందనుకుంటారు. నా తరగతిలో ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అదే చెప్పేవారు. నిజానికి ముందు చక్రాలకు చేరే బలం సున్నా. ముందు డిఫరెన్షియల్ మామూలుది అయితే, అది ఎటు తేలికగా తిరిగితే అటే తిరుగుతుంది. ఎడమ హబ్బు విడిగా ఉంటే ఎడమ షాఫ్ట్‌కు ఏ అడ్డూ లేదు, అది గాలిలో తిరిగినట్టు తిరుగుతూ ఉంటుంది. కుడి హబ్బు ఎంత గట్టిగా లాక్ పడి ఉన్నా కుడి చక్రం కదలదు. అంటే రెండు హబ్బులలో ఒక్కటి మొరాయించినా మీ బండి ఆ క్షణాన టూ వీల్ బండే.

అటువంటప్పుడు మీకు ఆ సంగతి ఎవరు చెప్పాలి? డ్యాష్‌బోర్డు మీద ఫోర్ వీల్ దీపం వెలుగుతూనే ఉంటుంది. చాలా బండ్లలో ఆ దీపం ట్రాన్స్‌ఫర్ కేసులో రాడ్ ఎక్కడుందో చూసి వెలుగుతుందే గాని చక్రం దాకా వెళ్ళి చూసి రాదు. చేత్తో తిప్పే హబ్బు ఉన్న బండిలోనూ ఇదే దీపం, ఇదే మాయ. తేడా ఎక్కడుందంటే, ఆ బండి డ్రైవరు తలుపు తీసి దిగి రెండు బిళ్ళలూ చూసుకోగలడు. ఆటోమేటిక్ హబ్బు మీద చూసుకోవడానికి ఏమీ ఉండదు, నున్నని మూత తప్ప. మాన్యువల్ హబ్బు మీద నా మొగ్గు అంతా ఈ ఒక్క కారణం చేతనే: అది లాక్ పడిందో లేదో చెప్పేది కన్ను.

మాన్యువల్ హబ్బు మనిషి మరుపును కాయదు, ఆ నష్టమూ చెప్పాలి. నేను వర్క్‌షాపులో పని నేర్చుకుంటున్న రోజుల్లో, జులై నెలలో ఒక కాఫీ తోట జీపు గెడ్డ మధ్యలో ఆగిపోయిందని కబురు వస్తే మా మేస్త్రీతో కలిసి వెళ్ళాను. వెనక చక్రాలు ఇసుకలో దిగబడి ఉన్నాయి. డ్రైవరు అనుభవం ఉన్నవాడే. ఫోర్ లో వేశానని, ఎక్సలేటరు ఇచ్చానని, కింద నుంచి ‘టప్’మని ఒక చప్పుడు వచ్చి ఆ తరువాత ఇంజిన్ ఎంత అరిచినా బండి కదలలేదని చెప్పాడు. మా మేస్త్రీ ఏమీ అనలేదు. మోకాలి లోతు నీళ్ళలో ముందు చక్రం దగ్గరకు వెళ్ళి, హబ్బు మీద మెత్తిన మట్టిని బొటనవేలితో తుడిచాడు. బిళ్ళ ఫ్రీ మీద ఉంది. అవతలి వైపు కూడా అంతే. ట్రాన్స్‌ఫర్ కేసు తన పని తాను చేసింది, ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ గిరగిరా తిరిగింది, ముందు చక్రాలు రాళ్ళలా నిలబడే ఉన్నాయి. లో గేరు పెంచిన బలం మొత్తం నాలుగు చక్రాలకు పంచవలసింది వెనక యాక్సిల్ ఒక్కదాని మీదే పడి, కుడి షాఫ్ట్ విరిగింది. ఆ సాయంత్రం నుంచి మా వర్క్‌షాపుకు వచ్చిన ప్రతి జీపు హబ్బు బిళ్ళ మీద, లాక్ గుర్తుకు ఎదురుగా తెల్ల పెయింటుతో ఒక గీత గీసి పంపేవాళ్ళం. మట్టి మెత్తినా వేలితో ఒక తుడుపు తుడిస్తే గీత కనిపిస్తుంది. మీరూ గీయించుకోండి, దానికి పెయింటు ఒక చుక్క చాలు.

ఆ డ్రైవరుకు ఆటోమేటిక్ హబ్బు ఉండి ఉంటే షాఫ్ట్ విరిగేది కాదు కదా అని మీరు అడగవచ్చు. అది బాగుండి ఉంటే విరిగేది కాదు. ఇలాంటి దారుల్లో అది ఎన్నాళ్ళు బాగుంటుందన్నదే నా అనుమానం.

దిగబడిన బండిని డ్రైవర్లు ఎలా లాగుతారో మీకు తెలుసు. ముందుకు ఒకసారి, వెనక్కి ఒకసారి, ఊయల ఊపినట్టు ఊపుతారు. క్యామ్ రకం ఆటోమేటిక్ హబ్బు ఒక దిక్కు నుంచి రెండో దిక్కుకు మారిన ప్రతిసారీ ఒక వాలు దిగి రెండో వాలు ఎక్కాలి. ఆ నడుమ ఒక క్షణం చక్రం విడిగా ఉంటుంది, మరుక్షణం చక్రం జారుతూ ఉండగానే పళ్ళు దెబ్బతో కలుస్తాయి. పదిసార్లు ఊపితే పది దెబ్బలు. పళ్ళ మూలలు గుండ్రబడటం అక్కడే మొదలవుతుంది, గుండ్రబడిన పళ్ళు ఆ పైన బలం పడినప్పుడల్లా జారుతాయి.

దిగుడు సంగతి ఇంకా జాగ్రత్తగా ఆలోచించాలి. ఘాట్‌లో బండిని గేరు మీద దింపడం మీ అందరికీ చిన్నప్పటి నుంచి వచ్చిన విద్య. బ్రేకును నమ్ముకోకుండా, ఫోర్ లోలో మొదటి గేరో రెండో గేరో వేసి, ఇంజిన్ పట్టుతో నాలుగు చక్రాల మీదా బండిని ఆపుకుంటూ దిగుతాం. దిగేటప్పుడు ఇంజిన్ చక్రాన్ని తిప్పదు, చక్రమే ఇంజిన్‌ను తిప్పుతుంది, బలం పారే దిక్కు తిరగబడుతుంది. కొన్ని రకాల ఆటోమేటిక్ హబ్బులు ఆ తిరగబాటులో విడిపోతాయి. అప్పుడు ఇంజిన్ పట్టు వెనక చక్రాల మీదే మిగులుతుంది. దిగుడులో బరువంతా ముందుకు వాలి, వెనక చక్రాలు నేల మీద తేలికబడి ఉన్న సమయం అది. తడి ఎర్రమట్టి మీద వెనక భాగం పక్కకు జారడానికి ఇంతకంటే అనువైన సందర్భం ఉండదు. పక్కన లోయ ఉన్న దారిలో ఈ ప్రమాదాన్ని తెలిసి తెలిసి తెచ్చుకోవడం నాకు ఇష్టం లేదు. చేత్తో లాక్ చేసిన హబ్బుకు దిక్కుతో పని లేదు, ఎక్కుడైనా దిగుడైనా పట్టు ఒక్కటే.

ఇంతవరకు ఒక పక్షమే మాట్లాడాను. రెండో పక్షం బలమైనది, దాన్ని తక్కువ చేయను. ఆసుపత్రి బండి ఒకటి ఊహించుకోండి. దాన్ని వారానికి ముగ్గురు డ్రైవర్లు మార్చి మార్చి నడుపుతారు. అర్ధరాత్రి, కుండపోత వాన, లోపల నొప్పులు పడుతున్న తల్లి. తారు రోడ్డు ఒక మలుపులో కోసుకుపోయి మట్టి తేలింది. ఆ చీకట్లో డ్రైవరు దిగి, రెండు పక్కలా వంగి, మట్టి తుడిచి బిళ్ళలు తిప్పి రావాలనడం న్యాయం కాదు. హబ్బు సంగతి ముందు డ్రైవరు తరువాతి డ్రైవరుకు చెప్పాడో లేదో కూడా నమ్మలేం. ఇటువంటి బండికి, ఎక్కువ భాగం తారు మీదే తిరుగుతూ అప్పుడప్పుడు మాత్రమే జారుడులో పడే బండికి, ఆటోమేటిక్ హబ్బే సరైనది. వంగలేని పెద్దవారికీ అంతే. ఇటీవలి బండ్లలో డయల్ తిప్పితే చాలు, నడుస్తుండగానే ఫోర్ హై పడుతుంది. ఆ సౌకర్యం విలువ నాకు తెలుసు.

రెంటికీ నడుమ ఒక దారి ఉంది, మన దగ్గర దాని గురించి మాట్లాడుకునేవారు తక్కువ. ఆస్ట్రేలియాలో గనుల దగ్గర, పశువుల క్షేత్రాలలో విరివిగా వాడే టొయోటా ల్యాండ్ క్రూజర్ 70 శ్రేణి బండ్లలో హబ్బు మీద ‘ఆటో’, ‘లాక్’ అని రెండు గుర్తులున్న రకం వస్తుంది. నిస్సాన్ పెట్రోల్‌లోనూ, ఫోర్డ్ సూపర్ డ్యూటీ ట్రక్కులలోనూ ఇటువంటి ఏర్పాటు చేశారు. మామూలుగా ఆటో మీద వదిలేస్తారు. కష్టమైన దారి ముందుందని తెలిస్తే దిగి లాక్ మీదికి తిప్పుతారు, ఆ పైన అది పక్కా మాన్యువల్ హబ్బే. మీరు కొనబోయే బండికి ఆటోమేటిక్ హబ్బే ఉంటే, దానికి ఇలా చేత్తో బిగించే వీలుందా అని తప్పక అడగండి. ఈ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబు మిగతా వివరాలన్నిటికంటే ఎక్కువ చెబుతుంది.

మధ్య వరుసలోని తమ్ముడు మైలేజీ గురించి చీటీ పంపారు. హబ్బులు ఫ్రీలో పెట్టుకుంటే డీజిల్ ఎంత ఆదా అని అడిగారు. ఆదా ఉంటుంది గాని, మీ జేబుకు తెలిసేంత ఉండదు. టైర్లలో గాలి సరిగ్గా పెట్టుకుంటే అంతకంటే ఎక్కువే కలిసివస్తుంది. హబ్బు ఫ్రీలో ఉంచడం వల్ల దక్కేది ముందు క్రాసుల ఆయుష్షు, నిశ్శబ్దం, తేలికైన స్టీరింగు. కాబట్టి ఆదా పోతుందన్న భయంతో హబ్బులు ఆలస్యంగా లాక్ చేయకండి. హబ్బులు లాక్‌లో ఉంచి రాడ్‌ను టూ హైలోనే పెట్టి తారు మీద నడిపితే, ఇందాక చెప్పిన కాస్త అరుగుదల తప్ప, బండికి హాని లేదు. ఫోర్ హై వేసి పొడి తారు మీద తిప్పడమే హాని, ఎందుకంటే మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాల కంటే ఎక్కువ దూరం తిరగాలి, ఆ తేడా జారిపోవడానికి తారు చోటివ్వదు, మెలి అంతా షాఫ్టులలో పేరుకుంటుంది.

అందుచేత నా సలహా ఇది. ఘాట్ మొదట్లో టీ తాగడానికి బండి ఆపుతారు కదా, అక్కడే రెండు హబ్బులూ లాక్ చేయండి, రాడ్ మాత్రం టూ హైలో ఉంచండి. దీని వల్ల ఇంకో లాభం ఉంది. హబ్బులు లాక్‌లో ఉంటే ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ అప్పటికే చక్రాల వేగంతో తిరుగుతూ ఉంటుంది, కాబట్టి జారుడు ఎదురైనప్పుడు మెల్లగా నడుస్తుండగానే రాడ్ ఫోర్ హైలోకి వెన్నలా పడుతుంది. హబ్బులు ఫ్రీలో ఉంటే ఆ షాఫ్ట్ నిలిచి ఉంటుంది, నడుస్తున్న బండిలో రాడ్ వేస్తే పళ్ళు అరుస్తాయి. ఫోర్ లోకి మాత్రం ఎప్పుడైనా బండి ఆపే వేయాలి. దిగి వచ్చాక బిళ్ళ ఫ్రీ వైపు తిరగనని మొండికేస్తే లోపల మెలి మిగిలి ఉందని అర్థం. రాడ్ టూ హైలో వేసి బండిని రెండడుగులు వెనక్కి నడిపి మళ్ళీ తిప్పండి. ప్లయర్ పెట్టకండి. ఆ బిళ్ళ వేళ్ళ బలానికే చేసినది, ప్లయర్‌కు పగులుతుంది.

మాన్యువల్ హబ్బు ఇచ్చే ఇంకొక వరం దారిలో చెడిపోయినప్పుడు తెలుస్తుంది. ముందు యాక్సిల్ జాయింటు విరిగిందనుకోండి. రెండు హబ్బులూ ఫ్రీ చేస్తే ఆ విరిగిన ముక్కలను చక్రం తిప్పదు, వెనక చక్రాలతో మెల్లగా ఊరు చేరవచ్చు. గట్టి ఫ్లాంజ్ ఉన్న బండిలో ఆ పని చేయాలంటే దారిలోనే ఫ్లాంజ్ విప్పుకోవాలి. అలాగే ట్రెయిలరును ఇరుకు చోట వెనక్కి పెట్టవలసి వచ్చినప్పుడు, గట్టి నేల మీద హబ్బులు ఫ్రీలో ఉంచి ఫోర్ లో వేస్తే ముందు చక్రాల మెలి లేకుండా లో గేరు నెమ్మది దొరుకుతుంది. కానీ గెడ్డలో విరిగిన షాఫ్ట్‌ను గుర్తుంచుకుని, ఎక్సలేటరు మీద కాలు తేలికగా పెట్టాలి.

ఏ హబ్బుకైనా శత్రువు నీళ్ళే. గంటసేపు నడిచి వేడెక్కిన హబ్బు చల్లని గెడ్డ నీటిలో దిగగానే లోపలి గాలి చల్లబడి ముడుచుకుంటుంది, ఆ లాగుడుకు సందు దొరికిన చోటల్లా నీళ్ళు లోపలికి పోతాయి. అలాంటి హబ్బు విప్పితే గ్రీజు పాలు పోసిన టీ రంగులో, నురగలా ఉంటుంది. వేలితో రాస్తే జిడ్డు తగలదు, తడి తగులుతుంది. కనుక వానాకాలం ముందు ఒకసారి, వానాకాలం అయ్యాక ఒకసారి విప్పించి, కిరోసిన్‌తో కడిగి, ఓ-రింగు మార్చి, కొత్త గ్రీజు పలచగా రాయించండి. పలచగా అన్న మాటను గట్టిగా చెబుతున్నాను. బేరింగుకు కూరినట్టు హబ్బుకు గ్రీజు కూరితే జరిగే ఉంగరం అందులో ఇరుక్కుని స్ప్రింగు మాట వినదు. ఆటోమేటిక్ హబ్బుకు ఇది మరీ చెడ్డ చేటు, ఎందుకంటే రాపిడి మీద బతికే భాగానికి గ్రీజు పూస్తే రాపిడి ఎక్కడ నుంచి వస్తుంది? అలాగే నెలకు ఒకసారి హబ్బులు లాక్ చేసి పదిహేను కిలోమీటర్లయినా నడపండి. ముందు డిఫరెన్షియల్‌లో ఆయిలు అడుగున పేరుకుని ఉంటుంది, అది తిరిగితేనే పైపళ్ళకు, సీళ్ళకు అందుతుంది.

ఆటోమేటిక్ తీసి మాన్యువల్ వేయించుకోవాలనుకునేవారు షాఫ్ట్ పళ్ళ లెక్క, హబ్బు బోల్టుల లెక్క సరిచూసుకుని కొనండి. కొన్ని బండ్లలో ఆటోమేటిక్ హబ్బు కోసం స్పిండిల్ మీద బేరింగు నట్టే వేరుగా ఉంటుంది, అది కూడా మార్చాలి. ఆ నట్టు మార్చకుండా హబ్బు ఒక్కటే బిగించిన బండిలో వారం తిరగకముందే చక్రం ఊగడం చూశాను. ఇక ఇటీవలి టొయోటా హైలక్స్, ఫార్చునర్ వంటి వాటిలో చక్రం దగ్గర ఏ లాకూ ఉండదు, ముందు డిఫరెన్షియల్ పక్కనే షాఫ్ట్‌ను కలిపి విడదీసే ఏర్పాటు ఉంటుంది. ఆ బండ్ల యజమానులకు ఈ పూట చర్చలో పాలు లేదు.

కొనేవారు పాత బండి అయితే డబ్బు ఇచ్చే ముందు ఒక పరీక్ష చేయండి. ముందు చక్రం ఒకటి జాకీ మీద లేపి, రాడ్ టూ హైలో పెట్టి, హబ్బు ఫ్రీలో ఉంచి చక్రాన్ని చేత్తో తిప్పండి. చక్రం తిరగాలి, వెనకనున్న షాఫ్ట్ కదలకూడదు. లాక్ చేసి తిప్పితే షాఫ్ట్ కూడా తిరగాలి. రెండో వైపు కూడా అంతే చేయండి. ఒక్కవైపే చూసి వదిలేయకండి, ఎందుకో ఇందాకే చెప్పాను.

బయట చింతచెట్టు కింద రెండు జీపులు జాకీ మీద పెట్టించాం. ఎడమ దానికి మాన్యువల్ హబ్బులు, కుడి దానికి క్యామ్ రకం ఆటోమేటిక్. కుడి జీపు హబ్బులలో ఒకటి పట్టడం లేదు, ఏదో నేను చెప్పను. విద్యార్థులు ముందు వెళ్ళి చక్రం తిప్పి ఏ వైపో కనిపెట్టండి. తరువాత డ్రైవరు సోదరులు రండి, అందరి ముందూ దాన్ని విప్పుదాం.